అర చుట్టు

దక్షిణ ఆస్ట్రేలియాలో బర్రాకి ఉత్తరాన ఉన్న టాండెరీ కార్ల క్లబ్బులో, తనకు ఇంజన్ల గురించి ఏమీ తెలియదని ఒప్పుకునే మగాడు ఒక్కడే. ఆ ఒక్కడే తనకు మొగుడు కావడం నోలా ట్రెవారో ఖర్మ. మిగతావాళ్ళకు తెలుసా అంటే, వాళ్ళకూ తెలియదు. కానీ తెలిసినవాళ్ళలా బానెట్ మీద మోచేయి ఆనించి నిలబడటం వాళ్ళకు వచ్చు. ఆమె మొగుడు డెస్‌కి అదీ రాదు. రైలు స్టేషన్ పక్కన గోధుమ గోదాముల్లో లారీలు తూచే పని అతనిది. మనిషి కూడా ఆ తూకపు బల్లలాంటివాడేననీ, ఎవరెక్కినా దిగినా ఉలుకూ పలుకూ ఉండదనీ నోలా పదిమందిలోనే అనేది. డెస్ నవ్వి ఊరుకునేవాడు. ఊరుకోవడం చూసి ఆమెకి ఇంకా చిరాకు వేసేది.

నోలా ఊళ్ళో ఇంజన్లు రీబోరింగ్ చేసే షాపులో పందొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. క్లబ్బులోని ప్రతి మగాడి పరువూ ఏదో ఒకరోజు ఆమె కౌంటర్ మీదికి వచ్చి పడినదే. కాలిపోయిన పిస్టన్‌ని పాత పేపర్లో చుట్టి తెచ్చేవాళ్ళు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "పోతలోనే ఏదో లోపం ఉన్నట్టుంది నోలా" అనేవాళ్ళు. పేపరు విప్పితే పిస్టన్ నడినెత్తిన ఇరవై సెంట్ల బిళ్ళంత చిల్లు. పోత పోసినవాడి తప్పు అందులో ఏమీ ఉండదు. అది అర చుట్టు చేసిన పని.

టాండెరీలో అర చుట్టు ఒక ఆచారం. ఎవడైనా పాత నాలుగు సిలిండర్ల బండికి టర్బో తగిలించాడనుకోండి. బయటికి వృథాగా పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంజన్ నోట్లోకి గాలి కూరుతుంది. ఎంత కూరాలో చెప్పడానికి వేలెడంత ఇత్తడి స్క్రూ ఒకటి ఉంటుంది. కొండెక్కే పందెం రోజు పొద్దున్నే స్నేహితుల్లో ఒకడు, బండివాడు అటు తిరగ్గానే, ఆ స్క్రూని అర చుట్టు బిగిస్తాడు. ప్రేమతోనే బిగిస్తాడు. పాపం వీడు భయస్థుడు, వీడికి తెలియకుండా రెండు పౌన్లు ఒత్తిడి పెంచితే వీడే గెలుస్తాడు, అని. కాసేపటికి రెండోవాడు కూడా అదే ప్రేమతో వస్తాడు. మొదటివాడు వచ్చి వెళ్ళాడని వాడికి తెలియదు, వీడు రాబోతున్నాడని మొదటివాడికీ తెలియదు. కొండ సగం ఎక్కేసరికి బండి తెల్లటి పొగ కక్కి ఆగిపోతుంది. అప్పుడు అందరూ బీరు సీసాలు పట్టుకుని చుట్టూ నిలబడి, పెట్రోలు నాసిరకమని తేలుస్తారు. ఇన్నేళ్ళలో ఒక్కడూ నేను తిప్పానని చెప్పిన పాపాన పోలేదు.

ఇలాంటి మేధావులకు ఇరవై ఏడేళ్ళుగా టీ కాచి పోసింది నోలా. స్టాప్‌వాచ్ పట్టింది, పేర్లు రాసింది, లంచ్ తర్వాత 'ఆడవాళ్ళ పందెం' అని ఒకటి పెడితే అందులో తోలి, బహుమతిగా మూడు టీ ట్రేలు తెచ్చుకుంది. మూడో ట్రే తెచ్చుకున్న రోజున ఆమెకి తిక్క రేగింది.

వాళ్ళమ్మ చర్చికీ మాంసం కొట్టుకీ తప్ప ఇంకెక్కడికీ తోలని 1974 నాటి తెల్ల కారు షెడ్డులో ఉంది. రెండు లీటర్ల ఇంజన్, నాలుగు సిలిండర్లు. తుక్కు యార్డులో నుజ్జయిన డీజిల్ వ్యాన్ నుంచి టర్బో విప్పి తెచ్చి, పదకొండు నెలల పాటు ఆదివారాలన్నీ ఆ బండి కిందే గడిపింది. సిలిండర్లలో బిగువు తగ్గడానికి మందపాటి రాగి గ్యాస్కెట్ వేసింది. టర్బోలోంచి ఆయిల్ దానంతట అదే కిందికి జారేలా గొట్టాన్ని ఏటవాలుగా వంచింది. ఈ ఒక్క వంపు తెలియక క్లబ్బులోని లయల్ హాకింగ్ రెండు టర్బోలు తగలేశాడు. పాత పోత పిస్టన్లు ఎంత ఓర్చుకుంటాయో ఆమెకి బాగా తెలుసు, ఓర్చుకోలేనివి ఎన్నిటినో చూసింది కదా. ఏడు పౌన్లు. పదికి మించితే చిల్లే.

కమిటీ మీటింగులో ఆమె దరఖాస్తు కాగితం చూసి ప్రెసిడెంట్ కెల్విన్ రాడా చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఆడవాళ్ళ పందెంలో అయితే ఏ అభ్యంతరమూ లేదు తల్లీ" అన్నాడు.

"నేను రాసింది అందులోకి కాదు. రెండు లీటర్ల తరగతిలోకి. చదవడం వచ్చు కదా నీకు?"

చివరికి ఒక షరతు పెట్టారు. ఒక్క రోజు పరీక్ష. బండి నీళ్ళ ట్యాంకు కొండ పైదాకా ముక్క చెక్కలవకుండా ఎక్కితే, వచ్చే ఏడు నుంచి మగాళ్ళతో సమానంగా తోలొచ్చు. దారిలో ఇంజన్ పోయినా, తారు మీద చుక్క ఆయిల్ కారినా మళ్ళీ టీ బల్ల దగ్గరికే, ఇంకో మాట లేదు. పైగా పరీక్ష కాబట్టి రోజంతా బానెట్ తెరిచే ఉంచాలి, సభ్యులు ఎప్పుడంటే అప్పుడు చూసుకుంటారు. ఆ ఆఖరి ముక్క విన్నప్పుడు నోలాకి ఒళ్ళు మండింది. కానీ సంతకం పెట్టింది.

అక్టోబరు రెండో ఆదివారం. పొద్దున ప్రాక్టీసు పరుగు, పూర్తిగా తొక్కకుండానే, నలభై తొమ్మిది పాయింట్ ఆరు సెకన్లలో అయింది, ఏదీ కారలేదు, ఏదీ కాలలేదు. తిరిగొచ్చి బానెట్ ఎత్తగానే నలుగురు చేరారు. తెల్ల నిక్కరూ మోకాళ్ళ దాకా మేజోళ్ళూ వేసిన కెల్విన్. ఆ తరగతిలో రికార్డున్న లయల్ హాకింగ్. అతని నలభై ఏడు పాయింట్ మూడు సెకన్ల రికార్డు ఆరేళ్ళుగా చెక్కు చెదరలేదు, ఆ ముక్క పలకరించిన ప్రతివాడికీ చెబుతాడు. బేకరీ నడిపే మెర్విన్ పాస్కో. ట్రాక్టర్ల డీలరు రెక్స్ షుల్జ్, అమ్మడమే తప్ప ఏ ట్రాక్టరూ స్టార్ట్ చేసిన పాపాన పోనివాడు.

"ఇదేంటి, ఇంజన్‌కి కూడా గోళ్ళ రంగు వేశావా?" అన్నాడు రెక్స్. ఇత్తడి స్క్రూ తల మీదా, అది దిగిన చట్రం మీదా కలిసేలా నోలా ఎర్రటి గీత ఒకటి గీసింది. స్క్రూ కదిలితే గీత విరుగుతుంది.

"నీకు రంగైతేనే కదా కనిపించేది, అందుకని."

"ఎంత పెట్టావ్?" లయల్ అడిగాడు.

"ఏడు."

నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మెర్విన్ జాలిగా నిట్టూర్చాడు. "ఏడు పౌన్లు మా అమ్మమ్మ కుట్టుమిషన్ కూడా ఇస్తుంది గురూ."

"మీ అమ్మమ్మ మిషన్ ఇంకా నడుస్తోందిగా. నీ ఇంజనే నడవడం లేదు. వినండి. ఈ స్క్రూ జోలికి ఎవడైనా వచ్చాడా, ఆ వేలు మళ్ళీ దేనికీ పనికిరాకుండా చేస్తాను." అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ మడత కుర్చీ వేసుకుని కూర్చుంటున్న డెస్ కంటబడ్డాడు. "నువ్వు మరీను. నువ్వు దగ్గరికి కూడా రాకు. నువ్వు ముట్టుకుంటే టార్చిలైటు కూడా పాడవుతుంది."

"నేను కాపలా..." అన్నాడు డెస్.

"కాపలా కుక్కలు చేస్తాయి. నువ్వు కూర్చో, చాలు."

అందరూ నవ్వారు. డెస్ కూడా నవ్వి, టోపీ కళ్ళ మీదికి లాక్కుని కూర్చున్నాడు.

లంచ్ వేళకి నోలా తన బండి దగ్గరే ఉండాలనుకుంది. ఉండనిస్తారా. ఇరవై ఏడేళ్ళుగా ఆమె వెలిగించిన టీ బాయిలర్‌ని వెలిగించడం ఆ క్లబ్బులో ఇంకొక్కడికి కూడా రాదని ఆ రోజే బయటపడింది. గ్యాస్ గొట్టం ఎటు తిప్పాలో తెలియక ఇద్దరు కనుబొమలు కాల్చుకున్నారు. రాకెట్లా కొండెక్కాలని కలలు కనే మగాళ్ళు. ఆమె వెళ్ళి వెలిగించి, ఎలాగూ వచ్చింది కదా అని అందరూ కప్పులు చాచితే పోసి, మాంసం కూరిన పాస్టీలు పంచి, ఈగలు తోలి, ముప్పావు గంట తర్వాత తిరిగొచ్చింది. డెస్ కుర్చీలోనే ఉన్నాడు. ఒళ్ళో పాస్టీ కాగితం, చొక్కా మీద సాస్ మరక. నోలా నేరుగా ఇంజన్ మీదికి వంగి చూసింది. ఎర్ర గీత విరగలేదు, రెండు ముక్కలూ కలిసే ఉన్నాయి. హెల్మెట్ పెట్టుకుంది.

కొండ మీద ఆమె దేన్నీ చూడలేదు, దారిని తప్ప. గాలి ఒత్తిడి చూపే ముల్లు వైపు కన్ను తిప్పితే మొదటి వంపులోనే కంచె తగులుతుంది. రెండో వంపు దాటాక టర్బో ఈల మొదలై వెన్ను సీటుకి అదుముకుపోయింది. అమ్మ ఈ బండిని ఎప్పుడూ మూడో గేరు దాటించలేదు కదా అనిపించి పెద్దగా నవ్వేసింది. పైన నీళ్ళ ట్యాంకు దగ్గర జెండా ఊపారు. నలభై ఆరు పాయింట్ ఎనిమిది.

కిందికి వచ్చేసరికి స్పీకరులో ఆ అంకె రెండోసారి చదువుతున్నారు. లయల్ మొహం నల్లబడింది. నోలా బానెట్ ఎత్తింది, డెస్ కుర్చీలోంచి లేచి బండి తలుపు పట్టుకున్నాడు. అప్పుడు కనిపించింది అతని బొటనవేలు. వేలి మీదా చూపుడువేలి కొస మీదా వెండి రంగు గ్రీజు. ఆ గ్రీజు ఆ బండి మొత్తంలో ఒక్కచోటే ఉంది. ఇత్తడి స్క్రూ మరలు వేడికి పట్టేయకుండా నోలా పూసింది, అంటితే వారం దాకా వదలదు.

"నీ చేతికి ఈ గ్రీజు ఎలా అంటింది?"

డెస్ చేతులు చూసుకున్నాడు. "అదీ... నువ్వు టీ దగ్గరికి..."

"ముట్టుకోవద్దన్నానా లేదా? పసిపిల్లాడికి చెప్పినట్టు చెప్పానా? పదకొండు నెలలు. నా పదకొండు నెలల ఆదివారాలూ నీ చేతి దురదకి బలి కావలసిందే కదా, దేవుడి దయ వల్ల పైకి చేరింది గానీ. చూడండయ్యా, మా ఆయన ఇంజనీరయ్యాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క పానా పట్టుకోనివాడు, ఇవాళే పట్టాలా?"

ఆమె గొంతుకి పక్క గుడారాల వాళ్ళు కూడా వచ్చారు. "డెస్సా? మన డెస్సే?" అని రెక్స్ పొట్ట పట్టుకున్నాడు. కెల్విన్ తల అడ్డంగా ఊపి, తెలియని పనుల్లో వేలు పెట్టకూడదని నెమ్మదిగా హితవు చెప్పాడు. డెస్ కుర్చీ మడిచి చంకన పెట్టుకుని ట్రైలర్ వైపు వెళ్ళిపోయాడు. వెళ్ళేవాడి వీపు చూసి నోలా, కనీసం ఎదురు మాటన్నా అనడేం ఈ మనిషి, అనుకుంది.

బహుమతులకు ముందు మళ్ళీ టీ. ఈసారి కూడా ఆమే. మొదట వచ్చింది కెల్విన్, కప్పు చాచి చెవి దగ్గరికి వంగాడు. "ఎవరితో అనకు. నలభై ఆరు పాయింట్ ఎనిమిది ఊరికే రాలేదు. లంచ్‌లో నేనే ఒక అర చుట్టు ఇచ్చాను. నీ మంచికే." అతని తెల్ల నిక్కరు జేబు మీద వెండి రంగు వేలిముద్ర స్పష్టంగా ఉంది.

నోలాకి కోపం కన్నా ముందు అసహ్యం వేసింది. ఇందాక అంత హితవు చెప్పిన నోరే ఇది. ఏదో అనేలోపు మెర్విన్ వచ్చి కన్ను గీటాడు. "మన మధ్యే ఉండనీ. అర చుట్టు. మా అమ్మమ్మ మిషన్ మాటకి పరిహారం అనుకో." అతని వెనకే రెక్స్, "నీకు చెప్పకూడదనుకున్నా, కానీ ఉండబట్టక..." అంటూ మొదలుపెట్టాడు. నోలా పోస్తున్న కప్పు నిండి టీ పొంగి పళ్ళెంలో పడింది. చివరికి లయల్. రికార్డు పోగొట్టుకున్నవాడు, ఆ రికార్డు పోవడానికి కూడా తనే కారణమని చెప్పుకోవాలి కదా. "నేను ఆ అర చుట్టు తిప్పకపోతే నా రికార్డు అలాగే ఉండేది తెలుసా? అంత పెద్ద మనసు నాది."

నలుగురు. అరకి అర, నాలుగు అరలు, రెండు చుట్లు. అర చుట్టుకి రెండు పౌన్లు, ఏడు కాస్తా పదిహేను అవుతుంది. పదిహేను పౌన్లలో ఆ పిస్టన్లు రెండో వంపు కూడా చూడవు.

అలాంటిది ఇంజన్ నిక్షేపంగా ఉంది. గీత కలిసే ఉంది కదా అనుకుని, చటుక్కున చెయ్యి టీ బల్ల మీద ఆనించింది. గీత కలవడానికి ఏముంది? రెండు నిండు చుట్లు తిరిగిన స్క్రూ మీద కూడా గీత మళ్ళీ అక్కడే కలుస్తుంది. అందరి తెలివితక్కువతనాన్నీ కౌంటర్ మీద పెట్టి లెక్కగట్టిన మనిషికి, తన గోళ్ళ రంగు గీత అర చుట్టునే పట్టిస్తుందనీ, నిండు చుట్టుని పట్టించదనీ తోచలేదు.

బాయిలర్ అలాగే వదిలేసి బండి దగ్గరికి నడిచింది. స్క్రూని మెల్లగా వెనక్కి విప్పుతూ లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. మూడు దగ్గర ఊడివచ్చింది. ఆమె బిగించింది మూడు చుట్లే. నలుగురు తిప్పిన స్క్రూ నిన్న సాయంత్రం ఎక్కడుందో అక్కడే ఉంది. ఎవరో వెనక్కి తిప్పారు. స్క్రూ ముట్టుకున్నవాళ్ళు అయిదుగురు, గొప్పలు చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళు నలుగురు.

సిగ్గు. ఇన్నేళ్ళలో ఎవరి ముందూ పడని సిగ్గు ఆ ఖాళీ బండి ముందు పడింది.

క్లబ్బు షెడ్డులో కెల్విన్ మైకు పట్టుకుని కొత్త రికార్డు కప్పు ఇచ్చాడు, పెద్ద మాటలు మాట్లాడాడు, క్లబ్బు తోడ్పాటు అని రెండుసార్లు అన్నాడు. మైకు ఆమె చేతికొచ్చింది.

"తోడ్పాటు సంగతి నేను చెబుతాను" అంది నోలా. "కెల్విన్ రాడా, అర చుట్టు. మెర్విన్ పాస్కో, అర చుట్టు. రెక్స్ షుల్జ్, లయల్ హాకింగ్, చెరో అర చుట్టు. ఒకరికి తెలియకుండా ఒకరు. పందొమ్మిదేళ్ళుగా పేపర్లో చుట్టుకుని నా దగ్గరికి తెస్తున్న చిల్లులన్నీ మీరు ఒకరికొకరు పొడుచుకున్నవే. మీ పెళ్ళాలు ఇక్కడే ఉన్నారు, ఇళ్ళకెళ్ళాక ఆ ఖర్చుల సంగతి వాళ్ళే అడుగుతారు." షెడ్డులో ఎక్కడో ఒక ఆడమనిషి గట్టిగా నవ్వింది. "నా బండి ఇవాళ పైకి చేరిందంటే, మీలో ఒక్కొక్కడు తిప్పి వెళ్ళిన ప్రతిసారీ ఒక మనిషి లేచి దాన్ని వెనక్కి తిప్పాడు కాబట్టి. మీ అందరి ముందూ నేను తిట్టింది ఆ మనిషినే. పొరపాటు నాది. ఈ కప్పు డెస్‌ది."

చప్పట్లు కొట్టారు. నలుగురు మాత్రం బూట్లు చూసుకున్నారు. నోలా తలెత్తి జనంలో వెతికింది. డెస్ అక్కడ లేడు.

ట్రైలర్ దగ్గర ఉన్నాడు. బండిని ఒక్కడే చేతి మరతో మెల్లగా లాగి ట్రైలర్ మీదికి ఎక్కించి, చక్రాలకి పట్టీలు బిగిస్తున్నాడు. షెడ్డులో మాట అక్కడికి వినపడదు. మైకులో అన్నదంతా మళ్ళీ అనాలని నోలాకి అర్థమైంది. అక్కడ తేలిగ్గా వచ్చింది. ఇక్కడ వచ్చింది వేరే మాట.

"పట్టీ సరిగ్గా..." అని మొదలుపెట్టి ఆపేసింది. పట్టీ సరిగ్గానే ఉంది.

డెస్ తలెత్తలేదు. "కప్పు వచ్చిందా?"

"వచ్చింది. అది నీదని చెప్పాను, అందరికీ. తిట్టింది తప్పని కూడా చెప్పాను." ఇంకో పట్టీ అందించింది. "నీ చేతికి గ్రీజు ఎలా అంటిందని అడిగాను కదా. చెప్పొచ్చుగా నువ్వు."

"అడిగావు" అన్నాడు డెస్. పట్టీ కొస మడిచి లోపలికి దోపాడు. "ఆగలేదు."

ఆ మాటకి తిప్పికొట్టే జవాబు నోలా నాలుక మీద సిద్ధంగానే ఉంది. ముప్పై ఏళ్ళుగా ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. దాన్ని మింగి, ట్రైలర్ అంచు మీద అతని పక్కన కూర్చుంది.

"ఇప్పుడు ఆగుతాను. చెప్పు."

అతను నమ్మనట్టు ఒకసారి చూశాడు. తర్వాత మొదలుపెట్టాడు, తన మామూలు నత్త నడకనే. ముందు కెల్విన్ వచ్చాడు. నేను టోపీ కింద నిద్రపోతున్నాననుకుని అటు తిప్పాడు, నేను చూశాను. ఎంత తిప్పాడో అంత ఇటు తిప్పాను. ఇంజన్ నాకు తెలియదు, కానీ నువ్వు గీత గీశావు కదా. ఆపితే గొడవయ్యేది, గొడవైతే నువ్వొచ్చేదానివి, ఆ కోపంతో కొండెక్కేదానివి. అందుకని ఆపలేదు. తర్వాత మెర్విన్. నాలుగోవాడి తర్వాత మళ్ళీ లెక్కపెట్టుకున్నాను నోలా, తప్పు తిప్పానేమోనని. నువ్వు పైకి చేరావని స్పీకరులో చెప్పేదాకా చెవులు అటే పెట్టుకుని కూర్చున్నాను. మధ్య మధ్య అతను ఆగిపోయాడు, మాట వెతుక్కున్నాడు. ఆ మాటలు ఆమెకి ముందే తెలుసు. ఒక్కటీ అందించలేదు.

చెప్పడం అయ్యాక డెస్ చేతులు తుడుచుకుంటూ అన్నాడు, "ఇంత పొడుగు నేనెప్పుడూ మాట్లాడలేదనుకుంటా."

"నేను మాట్లాడనివ్వలేదు" అంది నోలా.